మన పొలం రాళ్ళు, మన వాకిలి

పొలం ఉన్నవాళ్ళకి గట్టు వారన ఒక రాళ్ళ కుప్ప కూడా ఉంటుంది. దుక్కిలో తగిలినవి, విత్తనం వేసే ముందు ఏరినవి, కలుపు తీస్తూ విసిరినవి, అన్నీ కలిసి ఏళ్ళ తరబడి పెరిగిన కుప్ప. మా అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఈ ఏడు ఏరేస్తాం, పై ఏడు మళ్ళీ అన్నే కనిపిస్తాయి. నేల రాళ్ళను ఈనుతోందా అనిపిస్తుంది. ఈనడమూ లేదు, పాడూ లేదు. వానకి పైమట్టి కొట్టుకుపోతుంది, అడుగునున్న రాయి బయటపడుతుంది. రాళ్ళు పెరగడం కాదు, మట్టి తరగడం అన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ వారం ఆ కుప్ప గురించే చెప్పుకుందాం. ఆ రాళ్ళతో ఇంటి ముందు బాట వేసుకోవచ్చు, చెట్లకి పాదులు కట్టుకోవచ్చు, బట్టలుతికే చోటు బాగుచేసుకోవచ్చు. కూలి, ట్రాక్టరు బాడుగ, కాస్త ఇసుక, ఇంతే ఖర్చు. అయితే ఖర్చు తక్కువ అని చెప్పడానికే ఇదంతా రాయడం లేదు.

ఇప్పుడు కొత్తిల్లు కట్టుకునేవాళ్ళని చూడండి. లోపల గ్రానైటు సరే, ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగా కూడా గోడ నుంచి గోడ దాకా సిమెంటు చేయించి పైన టైల్సు పరిపిస్తున్నారు. మట్టన్నది కంటికి కనపడకూడదు. నేను తప్పు పట్టను. ఊడ్చేది, కడిగేది మనమే కదా, వానాకాలం బురద కాళ్ళతో పిల్లలు లోపలికొస్తే తుడిచేదీ మనమే. కానీ ఒక చిన్న లెక్క చూడండి. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన రాష్ట్రంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇంకోటి లేదనే చెప్పుకుంటారు. ఆ కొంచెం వానే వెయ్యి చదరపు అడుగుల వాకిట్లో పడితే ఏడాది మొత్తానికి 50 వేల లీటర్ల పైన అవుతుంది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు కొంటున్నాం కదా, వాటిలో పోస్తే 2,500 క్యాన్లు. సిమెంటు చేసిన వాకిట్లో ఆ నీళ్ళన్నీ వీధిలోకి పోతాయి. వీధి చివర పల్లంలో ఎవరి ఇల్లుందో వాళ్ళ గుమ్మంలోకి పోతాయి. వేసవిలో మనమే బోరు అందడం లేదని ట్యాంకరుకి ఫోను చేస్తాం.

మా ఆడపడుచు వాళ్ళు పోయినేడు ఊళ్ళో ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ మాటే వచ్చింది. ఇంటి చుట్టూ వెయ్యి అడుగులకి కాస్త పైన జాగా, ఒక మూల బోరు. మేస్త్రీ మొత్తం సిమెంటు చేసేద్దామన్నాడు. సరిగ్గా అప్పుడే ఒకాయన వచ్చి పొలంలో రాళ్ళ కుప్ప తీసుకెళ్తాను, క్రషర్‌కి పోతాయి, ఇంత ఇస్తాను అని బేరం పెట్టాడు. వాళ్ళాయనకి రెండూ కలిసొచ్చినట్టనిపించింది. రాళ్ళమ్మిన డబ్బుతో సిమెంటు పని అయిపోతుందని. "ఏం చెయ్యమంటావు వదినా?" అని ఆమె నాకు ఫోను చేసింది. ఆమె బాధ డబ్బు గురించి కాదు. ఆ కుప్ప వాళ్ళత్త ముప్పై ఏళ్ళు గంపతో మోసి పోసింది. ఆ ముసలామె ఇంకా ఉంది, అరుగు మీద కూర్చుని అన్నీ వింటోంది, ఒక్క మాటా అనడం లేదు.

"అమ్మడం తర్వాత, ముందు ఆమెనే అడుగు" అన్నాను. అడిగితే ఆ అవ్వ చెప్పింది ఇది. "కుప్పలోటివి ఎన్నైనా తెచ్చుకోండి, ఇంటికే కదా. గట్టు మీద పేర్చింది మాత్రం ముట్టొద్దండి. అది పోతే మన్ను పోతాది."

ఎంత పెద్ద మాటో చూడండి! వాలు పొలంలో అడ్డంగా పేర్చిన రాతి కట్ట ఊరికే ఉండదు. వాన నీళ్ళు దాని దగ్గర ఆగుతాయి, మోసుకొచ్చిన మట్టిని అక్కడ దింపి, రాళ్ళ సందుల్లోంచి మెల్లగా కిందికి దిగుతాయి. పైన చెప్పాను కదా, మట్టి తరుగుతోందని. ఆ తరుగుని కాస్తయినా ఆపేది ఆ కట్టే. వాకిలి అందం కోసం దాన్ని పీక్కొస్తే చేనుని చెరుపుకుని ఇల్లు దిద్దుకున్నట్టు. కాబట్టి మొదటి నియమం ఇది: కుప్పలో రాయి మీది, గట్టు మీద రాయి చేనుది.

ముట్టకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. సర్వే వాళ్ళు పాతిన హద్దురాళ్ళు. వాటిని పీకడం, జరపడం నేరం, పైగా అన్నదమ్ముల మధ్య తగాదాలు పుట్టేదీ అక్కడే. బొమ్మ చెక్కిన రాయి, రాతలున్న రాయి, ఊళ్ళో ఎవరైనా పసుపు కుంకుమ పెట్టే రాయి. వీరగల్లు అంటాం కదా, యుద్ధంలోనో ఆవుల మందని కాపాడుతూనో చనిపోయిన వాళ్ళ పేర నిలిపినవి, అవి చాలా పొలాల్లో ఒరిగిపోయి ఉంటాయి. గుండ్రంగా వరస కట్టిన గుండ్లు, ఒంటరిగా నిలబెట్టిన పెద్ద రాళ్ళు కనిపిస్తే అవి రెండు మూడు వేల ఏళ్ళ నాటి సమాధులో, వాటికి సంబంధించినవో కావచ్చు. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల్ దగ్గర కృష్ణ ఒడ్డున ఇలాంటి నిలువురాళ్ళే పొలాల మధ్యలో ఉన్నాయి, కొన్ని పది పన్నెండు అడుగుల ఎత్తు. వాటిని 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. అవి కూడా ఒకప్పుడు ఎవరికో "పొలంలో అడ్డం వచ్చే రాళ్ళే" కదా! అనుమానం ఉంటే కదపకుండా ఫోటో తీసి పురావస్తు శాఖ వాళ్ళకి చూపించండి.

వాగులో రాళ్ళు, కొండ మీద రాళ్ళు, అడవిలో రాళ్ళు మనవి కావు. మన పట్టా పొలంలో ఏరినవి మన వాకిట్లో వేసుకోవడం వేరు, లారీలకెత్తి అమ్మడం వేరు. అమ్మాలంటే గనుల శాఖ అనుమతి కావాలి. మా ఆడపడుచు వాళ్ళాయన ఈ మాట వినగానే బేరం మానుకున్నాడు. అవ్వ మాట కంటే చట్టం మాట మగవాళ్ళకి త్వరగా ఎక్కుతుంది, ఏం చేస్తాం!

ఇల్లు కట్టే జాగాలోనే పెద్ద గుండు ఉందనుకోండి, పేల్చి పారేద్దామని తొందరపడకండి. మన వైపు, హైదరాబాదు వైపు కనిపించే ఈ గ్రానైటు గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో ఎన్నిటినో పగలగొట్టి ఇళ్ళు లేపారు. మిగిలినవాటినైనా కాపాడుకుందామని 1996లో అక్కడ కొందరు కలిసి "సొసైటీ టు సేవ్ రాక్స్" అని సంఘమే పెట్టుకున్నారు. వాకిట్లో ఉన్న గుండు పక్కన ఒక మల్లెతీగ నాటి చూడండి. కొని తెచ్చే ఏ బొమ్మా దానికి సాటి రాదు.

ఇక రాయిని గుర్తు పట్టడం. మా వైపు చేలల్లో ఎక్కువగా దొరికేవి గ్రానైటు ముక్కలు, నల్లరాయి, తెల్లగా మెరిసే పలుగురాళ్ళు. తాడిపత్రి, జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు వెళితే పలకలు పలకలుగా ఊడొచ్చే నాపరాయి. అక్కడ నాపబండల్నే నిలువునా పాతి కంచె చేసుకుంటారు, ఇంటి కప్పుకీ అవే. తాండూరు, షాబాద్ బండలు, పల్నాడు రాళ్ళు కూడా ఈ జాతివే, సున్నపురాయి. తేడా ఎలా తెలుస్తుందంటారా? నిమ్మకాయ రసం గానీ, వంటింట్లో వెనిగర్ గానీ రెండు చుక్కలు వేయండి. సున్నపురాయి అయితే సన్నగా నురగ పొంగుతుంది. గ్రానైటు, పలుగురాయి ఉలకవు పలకవు.

ఈ పరీక్ష ఆటకి కాదు. సున్నపురాయి చిప్పల్ని మొక్కల మొదట్లో పోస్తే ఏళ్ళ మీద నేలలో సున్నం పెరుగుతుంది. నూరు వరహాల మొక్క ఆకులు పసుపు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపించడం చూశారా? సున్నం ఎక్కువైన నేలలో దానికి ఇనుము అందక అలా అవుతుంది. కాబట్టి దాని దగ్గర పలుగురాళ్ళో గ్రానైటు ముక్కలో వేయండి. అన్నట్టు, వంటింటి గట్టుకి కడప నల్లబండ వేసుకున్నవాళ్ళు నిమ్మచెక్క, చింతపండు గుజ్జు దాని మీద పెట్టి వదిలేయకండి. అదీ సున్నపురాయే. పాలిషు పోయి తెల్ల మరకలు పడేది అందుకే, పనమ్మాయి సరిగ్గా తుడవక కాదు.

రాళ్ళు కదిపే ముందు ఒక్క జాగ్రత్త, నవ్వి వదిలేయకండి. ఏళ్ళ తరబడి కదలని కుప్ప తేళ్ళకి, జెర్రులకి, పాములకి ఇల్లు. కట్లపాము పగలు ఇలాంటి సందుల్లోనే దాక్కుంటుంది. పొద్దున బాగా వెలుగు వచ్చాకే పని మొదలు పెట్టండి. ముందు గడారితో (కోస్తా వాళ్ళు గునపం అంటారు) రాయిని మీ వైపు కాకుండా అవతలి వైపుకి దొర్లించండి. దొర్లించాక ఒక నిమిషం ఆగి చూసి అప్పుడు చెయ్యి పెట్టండి. కాళ్ళకి బూట్లు, చేతులకి మందపాటి గుడ్డ తొడుగులు ఉండాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తేళ్ళు అల్ట్రావయొలెట్ టార్చి వెలుగులో పచ్చగా మెరుస్తాయి. చిన్న టార్చి కొనుక్కుంటే రాత్రిపూట వాకిట్లో చూసుకోవడానికి పనికొస్తుంది. ఎర్రతేలు కుడితే, ముఖ్యంగా పిల్లల్ని, మంత్రాలంటూ కూర్చోకండి. దాని విషం గుండె మీద పనిచేస్తుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మందుతో ఎందరో పిల్లల్ని బతికించారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ మందు డాక్టరు ఇవ్వాల్సిందే, మనం ఇంట్లో వేసేది కాదు. పాము కాటైతే కట్టు బిగించడం, కోయడం ఏదీ వద్దు. కదలనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకుపోవడమే.

బరువు సంగతి కూడా. గ్రానైటు రాయి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 75 కిలోలు తూగుతుంది, బియ్యం మూటన్నర. రెండడుగుల చదరపు బండ రెండంగుళాల మందం ఉన్నా 50 కిలోలు. నడుం వంచి ఎత్తితే ఆ నడుం మళ్ళీ మామూలు కాదు. మోకాళ్ళు వంచి, రాయిని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. లేదా గోనెపట్టా మీదికి దొర్లించి ఇద్దరు లాక్కుపోవాలి. ట్రాక్టరు ట్రాలీలో వంద ఘనపుటడుగుల రాళ్ళు పడితే నాలుగు టన్నుల పైమాటే, పని జరిగే చోటికి దగ్గర్లోనే దింపించుకోండి. గేటు బయట పోయించుకుంటే మళ్ళీ మోసేది ఎవరు?

బాట వేయడం ఇలా. గేటు నుంచి గుమ్మం దాకా తాడు పట్టి రెండున్నర అడుగుల వెడల్పు గీసుకోండి. ముప్పై అడుగుల బాట అనుకుంటే 75 చదరపు అడుగులు. నాలుగంగుళాల మందం రాళ్ళయితే 25 ఘనపుటడుగులే కావాలి, అంటే ట్రాలీలో నాలుగో వంతు. ఇంత తక్కువా అని ఆశ్చర్యపోతారు, మా ఆడపడుచూ అలాగే ఆశ్చర్యపోయింది. గీసిన చోట ఆరంగుళాలు తవ్వి, తీసిన మట్టిని పాదులకి పక్కన పెట్టుకోండి. అడుగుని నీళ్ళు చల్లి బాగా దిమ్మిస కొట్టాలి. పైన రెండంగుళాల ముతక ఇసుక గానీ మొరం గానీ పరచాలి. ఇప్పుడు రాళ్ళు. చదునుగా ఉన్న ముఖం పైకి, ఉబ్బెత్తుగా ఉన్న పొట్ట కిందికి. పొట్టకి తగ్గట్టు ఇసుకలో గుంట చేసి కూర్చోబెట్టాలి. గుమ్మం దగ్గర పెద్ద రాయితో మొదలుపెట్టి గేటు వైపు వెళ్ళండి. చిన్నవి అంచుల్లో వేస్తే త్వరగా ఊడిపోతాయి, కాబట్టి పెద్దవి అంచులకి, చిన్నవి మధ్యలోకి.

ఒక్కో రాయి పెట్టగానే దాని మీద ఎక్కి నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి ఊగి చూడండి. ఏ మాత్రం కదిలినా తీసి కింద ఇసుక సర్ది మళ్ళీ పెట్టాలి. "తర్వాత సర్దుకుంటుందిలే అమ్మా" అని కూలీలు అంటారు. సర్దుకోదు. రేపు బిందెతో నడిచేటప్పుడు పడేది మనం.

రాళ్ళ మధ్య అంగుళం సందు వదలండి. ఆ సందులో సిమెంటు పోయమని మేస్త్రీ పట్టుపడతాడు, వాడి చెయ్యి ఊరుకోదు. పోయనివ్వకండి. ఇసుక, కాస్త మట్టి కలిపి నింపి నీళ్ళు చల్లండి. దిగిన చోట మళ్ళీ నింపండి. వాన నీళ్ళు భూమిలోకి దిగే దారి ఆ సందే. అది మూసేస్తే రాళ్ళు పరచినా ఒకటే, టైల్సు పరచినా ఒకటే. సందుల్లో గరిక వస్తుంది, రానివ్వండి, మట్టిని పట్టి ఉంచుతుంది. వినాయక చవితికి ఇరవై ఒక్క పరకల కోసం వీధులు తిరగక్కర్లేదు.

వాలు మరచిపోకండి. గోడ నుంచి బయటికి నాలుగైదు అడుగులకి ఒక అంగుళం దిగేలా ఉండాలి. అటు ఇటు అయితే నీళ్ళు పునాది దగ్గర నిలుస్తాయి, గోడకి చెమ్మ ఎక్కుతుంది. పొడవాటి చెక్క మీద నీళ్ళమట్టం పెట్టి చూసుకుంటే చాలు.

విడివిడిగా అడుగు రాళ్ళు వేసుకోవాలనుకునేవాళ్ళు రాయి మధ్య నుంచి రాయి మధ్యకి అడుగున్నర దాటనివ్వకండి. పుస్తకాల్లో బొమ్మలు చూసి రెండడుగులు పెడుతున్నారు. అది ప్యాంటు వేసుకున్నవాళ్ళ అడుగు, చీర కట్టుకున్నవాళ్ళది కాదు. ఇంట్లో చేతికర్ర, వాకర్ పట్టుకునే పెద్దవాళ్ళుంటే అసలు విడి రాళ్ళు వద్దు. గుమ్మం నుంచి స్నానాల గది దాకా సమానమైన బండలు దగ్గర దగ్గరగా, సందు అరంగుళం దాటకుండా పరిపించండి. పాలిషు బండ మాత్రం వాకిట్లో ఎక్కడా వేయకండి, తడిస్తే జారుడే. వానాకాలం పాచి పడితే కొబ్బరిపీచు, ఇసుకతో రుద్ది కడగండి. మొండి పాచికి బ్లీచింగ్ పౌడరు నీళ్ళు చల్లి, కాసేపాగి బాగా కడిగేయాలి, ఆ నీళ్ళు మాత్రం మొక్కలకి పోకూడదు.

మరి ముగ్గు? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, నాకు తెలుసు. ఎగుడుదిగుడు రాళ్ళ మీద ముగ్గు రాదు. గుమ్మం ముందు నాలుగడుగుల చదరం మట్టుకు వదిలి, పేడతో అలుక్కోండి. అలకడం కుదరకపోతే ఒకే పెద్ద నాపబండ వేసుకోండి. దాని మీద ముగ్గు ముద్దుగా కనిపిస్తుంది.

పడమటి వైపు, పడకగది కిటికీ కింద రాళ్ళు పరచకండి. మే నెలలో పగలంతా కాగిన నల్లరాయి రాత్రి పది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. అక్కడ మట్టి, చెట్టు, నీడ ఉండాలి.

పాదుల సంగతికొస్తే, మొక్క చుట్టూ రాళ్ళు పేరిస్తే చెమ్మ త్వరగా ఆరదు, వేసవిలో ఇది చాలా మేలు. కానీ కాండానికి ఆనించకూడదు, జానెడు దూరం వదలండి. మామిడి, కొబ్బరి పెరిగే కొద్దీ ఆ వలయాన్ని బయటికి జరుపుతూ పోవాలి. సిమెంటు అరుగు కట్టిన చెట్టుకి ఈ సౌకర్యం లేదు, అందుకే చాలా అరుగులు వేళ్ళకి పగిలిపోతుంటాయి.

ఆకుకూరల మడికి అడుగున్నర ఎత్తు రాతి గోడ సిమెంటు లేకుండానే కట్టవచ్చు. అడుగు వరసలో పెద్ద రాళ్ళు, అడుగున్నర వెడల్పున. పైకి పోయే కొద్దీ కాస్త లోపలికి, మట్టి వైపుకి వాలాలి. పై రాయి కింది రెండు రాళ్ళ సందు మీద కూర్చోవాలి, సందు మీద సందు వస్తే ఆ గోడ నిలవదు. నాలుగైదు అడుగులకొకటి గోడ మందమంతా పట్టే పొడుగు రాయి అడ్డంగా వేయాలి. నడుమ బోలుని చిన్న చిప్పలతో బిగించాలి, మట్టితో కాదు. ఇలాంటి గోడ వెనక నీళ్ళు నిలవవు, సందుల్లోంచి కారిపోతాయి, అదే దాని బలం. మూడడుగులు దాటితే మాత్రం మనవల్ల కాదు, తెలిసిన మేస్త్రీనే పిలవాలి. రాతి పని తెలిసిన వడ్డెర పెద్దమనిషి దొరికితే ఆయన కూలి దగ్గర బేరమాడకండి. రాయిని చేతిలో తిప్పి చూసి ఏ ముఖం ఎటు పెట్టాలో చెప్పే చదువు ఏ కాలేజీలోనూ దొరకదు.

ఆయన కోసమే ఇంకో మాట. రాళ్ళు మిషనుతో కోయిస్తే వచ్చే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది, అది వస్తే నయం కాదు. కోసేవాళ్ళకి మంచి మాస్కు ఇవ్వాలి, కోతమీద నీళ్ళు పోస్తూ ఉండాలి, ఆడవాళ్ళు పిల్లలు అటు పక్క ఉండకూడదు. అసలు కోయకుండా ఉన్న రాయిని ఉన్నట్టు కూర్చితే అందమూ ఎక్కువే, ఈ గొడవా లేదు.

బట్టలుతికే బండ, అంట్లు తోమే చోటు ఒకే వైపు పెట్టుకుని, ఆ నీళ్ళు పోయే కాలవలో గులకరాళ్ళు, పలుగురాళ్ళు నింపండి. చివర అరటి, మెట్టతామర నాటండి. రెండూ సబ్బు నీళ్ళకి తట్టుకుంటాయి, నీళ్ళు నిలవనివ్వవు. నెలకోసారి పై రాళ్ళు తీసి కడిగి వేయాలి, లేకపోతే జిడ్డు పట్టి వాసన వస్తుంది.

ఇంట్లో పాత రోలు, తిరగలి ఉంటే బాటలో వేయొద్దని నేనంటాను. మెతుకు పెట్టిన రాయిని తొక్కడానికి కాలు రాదు. రోట్లో నీళ్ళు పోసి పెడితే పిచ్చుకలు, ఉడతలు వస్తాయి. కానీ మూడు రోజులకోసారి నీళ్ళు పారబోసి రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పట్టేది వారం పది రోజులే.

మా ఆడపడుచు ఇంటి పని ఇద్దరు మనుషులకి నాలుగు రోజులు పట్టింది. బాట, పాదులు, బట్టల చోటు పోగా మిగతా జాగా మట్టిగానే వదిలారు. ఒక్క వాకిలితో బోరు నిండుతుందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళని నమ్మకండి కూడా. కొంత నీరు ఆవిరవుతుంది, పెద్ద వానకి కొంత వీధిలోకి పోనే పోతుంది. కానీ ఈ ఏడు మొదటి వానకి వాళ్ళ గేటు కింద నుంచి పోయిన నీళ్ళు పక్కింటి టైల్సు వాకిలి నుంచి పోయిన దాంట్లో పావు వంతు కూడా లేవని ఆమె చెప్పింది. అవ్వ ఇప్పుడు పొద్దున్నే ఆ బాట మీదే చెప్పుల్లేకుండా నడుస్తుందట. కొన్ని రాళ్ళని గుర్తు పట్టి, ఇది ఫలానా చేలోది, ఇది ఫలానా ఏడు బావి తవ్వినప్పటిది అని మనవడికి చెబుతోందట. వాడు నమ్మడం లేదట!

బాట వేశాక మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు ఒకసారి అంతా తిరిగి చూడండి. నీళ్ళు నిలిచిన చోట రాయి దిగినట్టు. దాన్ని గడారితో లేపి కింద రెండు దోసిళ్ళ ఇసుక వేసి మళ్ళీ దించండి. రెండు మూడు వానల దాకా ఈ పని ఉంటుంది. అందుకని ఒక గంప ఇసుక తడవకుండా పక్కన దాచుకోండి, మిగిలిందని పక్కింటివాళ్ళకి ఇచ్చేయకండి.